జాజికాయ కోసి చూపించండి

పాథాలజీ చెప్పేవాళ్లకి ఒక మాట. ‘నట్‌మెగ్ లివర్’ (కోసిన జాజికాయలా మచ్చలు పడ్డ కాలేయం) అని బోర్డు మీద రాసేస్తాం, పిల్లలు రాసేసుకుంటారు. బిర్యానీ ఊళ్లో పెరిగినా కోసిన జాజికాయ చూసినవాళ్లు తక్కువే, ఇంట్లో వాడేది పొడే కదా! బేగంబజార్‌లో నాలుగు కాయలు కొని, అడ్డంగా కోసి, ఆ కాలేయం ముక్క ఉన్న స్పెసిమెన్ జాడీ పక్కన పెట్టండి. ముదురు రంగు ఎందుకు, లేత రంగు ఎందుకు అని వాళ్లనే అడగండి. గుండె కుడివైపు నీరసిస్తే రక్తం వెనక్కి తన్ని, కాలేయంలో ఒక్కో చిన్న విభాగం నడుమ ఉండే సిర (సెంట్రల్ వీన్) చుట్టూ నిలిచిపోతుంది. ముదురు మచ్చలు అవే. వాటి చుట్టూ ఉన్న లేత భాగం కాస్త నిలదొక్కుకున్న కణాలది, తరచూ కొవ్వు పట్టి ఉంటాయి. స్లైడు ఆ తర్వాతే, అదీ మైక్రోస్కోపులో తక్కువ పెద్దది చేసే 4ఎక్స్ లెన్స్‌తో మొదలు. నేరుగా 40ఎక్స్‌కి దూకితే ఈ అల్లిక కనపడదు. అన్నట్టు, కాయ బాగా గట్టిది. స్కాల్పెల్‌తో కోయబోయి నేను బ్లేడు విరగ్గొట్టుకున్నాను, వంటింటి కత్తే నయం.