జవాబు దొరికిన ప్రార్థన నుంచి బలం పొందాలంటే 138వ కీర్తన ఎలా చదవాలి?

బైబిల్, పెన్సిల్, ఒక పావుగంట చాలు. ఫోన్‌లో యాప్ వద్దు, పుస్తకమే కావాలి.

ముందు ఎనిమిది వచనాలూ ఆపకుండా పైకి చదవండి. హీబ్రూ కవిత్వం జంట పాదాల్లో నడుస్తుంది, మొదటి పాదం చెప్పినదాన్ని రెండోది మళ్లీ చెప్పడమో, ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లడమో చేస్తుంది. కాబట్టి జంట పూర్తయ్యాకే ఊపిరి తీసుకోండి.

ఇప్పుడు మూడో వచనం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. మొరపెట్టిన రోజున జవాబిచ్చావు అని మొదటి పాదం అంటుంది, ఆ జవాబు ఏమిటో రెండో పాదంలో ఉంది: ప్రాణంలో బలం. శత్రువులు పోయారని గానీ కష్టం తీరిందని గానీ అక్కడ లేదు. నమ్మకం లేకపోతే ఏడో వచనానికి వెళ్లండి, కీర్తన పాడుతున్న మనిషి ఇంకా ఆపదల మధ్యే నడుస్తున్నాడు, శత్రువుల కోపం అలాగే ఉంది. ఎనిమిదిలోనైతే నీ చేతి పనుల్ని విడిచిపెట్టకు అని మళ్లీ అడుగుతున్నాడు! జవాబు వచ్చిందని చెప్పిన మనిషే ఇంకా అడుగుతున్నాడన్నమాట.

అందుకే మూడో వచనాన్ని ఒక్కదాన్నే కత్తిరించి వాగ్దానం కార్డు మీద వేయడమన్నా, స్టేటస్ పెట్టడమన్నా నాకు చిరాకు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి దాన్ని "ఇక రోగం పోయినట్టే" అన్నట్టు చదివితే, రేపు రిపోర్టు బాగా రాకపోతే ఆ రోగి తన విశ్వాసమే చాల్లేదనుకుని కుమిలిపోతాడు. మూడు, ఏడు వచనాల కింద గీత గీసి, ఒకదాని తర్వాత ఒకటి మూడుసార్లు చదవండి. రెండూ ఒకేసారి నిజమని అనిపించేదాకా ముందుకెళ్లొద్దు, తొందరపడితే ఇంత చదివీ లాభం లేదు.

కొందరు 28వ కీర్తనతో మొదలుపెట్టమంటారు. అది కూడా మంచిదే, కానీ అక్కడ ఐదో వచనం దాకా మొర, ఆరులో హఠాత్తుగా స్తుతి, మధ్యలో ఏం జరిగిందో కీర్తన చెప్పదు. గుడిలో యాజకుడు ధైర్యం చెప్పి ఉంటాడని కొందరు పండితుల ఊహ. కొత్తవాళ్లకు ఆ గందరగోళం ఎందుకు, దాన్ని మర్నాటికి ఉంచండి. 88 మాత్రం వదలొద్దు. చీకటితోనే ముగుస్తుంది, జవాబు రాదు, అయినా దాన్నీ కీర్తనల్లోనే ఉంచారు.

చివరగా కాగితానికి ఒక పక్క మీరు అడిగింది, రెండో పక్క దొరికింది రాసి, ఎనిమిదో వచనం పైకి చదవండి. దాని తర్వాత "థాంక్యూ ప్రభువా" అని తగిలించకండి, ఆ విన్నపాన్ని అక్కడే ఆపండి.