రైడింగ్ మోవర్ కరెంటు రిపేర్లు – 3వ పాఠం: ‘టక్’మని ఆగిపోతే

కిందటి పాఠంలో తాళం తిప్పినా చప్పుడే చెయ్యని రైడింగ్ మోవర్‌ని, అంటే సీట్లో కూర్చుని నడిపే గడ్డి కోత బండిని, చూశాం. ఫ్యూజు, బ్రేకు స్విచ్, బ్లేడు స్విచ్, సీటు స్విచ్ అని వరసగా వెతికాం. ఈసారి తాళం తిప్పగానే సోలినాయిడ్ (బ్యాటరీ కరెంటుని స్టార్టర్‌కి కలిపే పెద్ద స్విచ్) ‘టక్’మంటుంది, ఇంజిన్ మాత్రం కదలదు. ఆ టక్కు వినపడటం మంచిదే. సన్న వైర్ల దారి, అంటే స్విచ్‌ల దారి, చాలావరకు సరిగ్గానే ఉన్నట్టు. ఇక వెతకాల్సింది లావు కేబుళ్ళ దారిలో: బ్యాటరీ, సోలినాయిడ్, స్టార్టర్ (ఇంజిన్‌ని తిప్పే మోటారు), గ్రౌండు (ఇంజిన్, ఫ్రేము మీదుగా కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగొచ్చే దారి). ఒక్క టక్కు కాకుండా టకటకమని ఆగకుండా కొట్టుకుంటే మాత్రం ఎక్కువసార్లు బ్యాటరీ నీరసమే, ముందు ఛార్జింగ్ పెట్టండి.

అమెరికాలో చలికాలం పోయి గడ్డి పెరగడం మొదలవగానే, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) నోటీసు వస్తుందన్న టెన్షన్‌లో మనవాళ్ళు ముందు కొత్త బ్యాటరీ కొంటారు. దాంతో కాకపోతే స్టార్టర్ కొంటారు. రెండూ బాగానే ఉండి, తప్పు ఒక బోల్టు కింద ఉండటం మామూలే.

ఎందుకు దొరకదంటే, కొలిచే పద్ధతి అలాంటిది. మోవర్ ఊరికే ఉన్నప్పుడు మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, సోలినాయిడ్ దగ్గరా 12.6. అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కానీ కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో చెత్త అడ్డం పడిందో లేదో ప్రెషర్ చూసి చెప్పలేం. దారి తెగిందో లేదో మీటర్ చప్పుడుతో చెప్పే బీప్ పరీక్షా అంతే. తుప్పు పట్టిన జాయింటులో 0.05 ఓమ్ నిరోధం ఉందనుకోండి, మీటర్ హాయిగా బీప్ అంటుంది. మీటర్ వైర్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అదే జాయింటులోంచి స్టార్టర్ 100 ఆంపియర్లు లాగబోతే 5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అందుకే తాళం తిప్పి పట్టుకుని, కరెంటు పారుతుండగానే కొలవాలి.

ముందు జాగ్రత్తలు. పార్కింగ్ బ్రేకు వెయ్యండి, బ్లేడు ఆఫ్‌లో ఉంచండి. స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి ఇంజిన్ లోహానికి తగిలించి ఉంచండి. రెండు సిలిండర్లుంటే రెండు వైర్లూ. సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి తాళం వాళ్ళకివ్వండి. ఒక్కోసారి నాలుగైదు సెకన్లు మించి తిప్పొద్దనండి, స్టార్టర్ వేడెక్కుతుంది. స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ రెండు బోల్టులూ కలిపి స్టార్ట్ చేసే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. అది సేఫ్టీ స్విచ్‌లన్నిటినీ దాటేస్తుంది. గేరులో ఉంటే బండి మీ మీదికే వస్తుంది.

మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టండి. మొదట బ్యాటరీ రెండు పోస్టుల మీద. తిప్పుతున్నప్పుడు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ బలహీనం, లేదా ఇంజినో స్టార్టరో బిగుసుకుపోయింది. జారకపోతే మీటర్ ఎర్ర వైరు మొనని బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీదే పెట్టండి. క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం మీద. చాలాసార్లు తప్పు ఆ రెండింటి మధ్యే తెల్లటి పొడిలా కూర్చుని ఉంటుంది, క్లాంపు మీద కొలిస్తే అది తప్పించుకుంటుంది. నల్ల మొన స్టార్టర్ బోల్టు మీద పెట్టి తిప్పమనండి. మీటర్ చూపేది దారిలో పోతున్న వోల్టులు. అర వోల్టు లోపైతే సరే. ఎక్కువైతే నల్ల మొనని ఒక్కో జాయింటు చొప్పున బ్యాటరీ వైపు వెనక్కి జరుపుతూ రండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతే, ఆ దాటిన ముక్కలోనే తప్పు. సోలినాయిడ్ ‘టక్’మంటున్నా దాని రెండు పెద్ద బోల్టుల మధ్య 12 కనిపిస్తుంటే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, మార్చడమే.

గ్రౌండు వైపు మర్చిపోకండి. నల్ల మొన బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, ఎర్ర మొన ఇంజిన్ బ్లాకు మీద, రంగు లేని చోట. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు 0.2, 0.3 వోల్టులు దాటితే నెగెటివ్ కేబుల్ ఫ్రేముకి కలిసే బోల్టు విప్పి చూడండి. నా లెక్కలో అసలు దొంగ ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతాడు. తడి గడ్డి, ఎరువు, నీళ్ళు పడి వాషరు కింద గోధుమరంగు పొర కట్టి ఉంటుంది. ముందు బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, మెరిసే లోహం కనిపించేదాకా వైర్ బ్రష్‌తో గీకి బిగించండి. ఊళ్ళో ట్రాక్టర్ స్టార్టర్ మొరాయించినా ఇదే కొలత.

అన్ని అంకెలూ బాగుండి, ఇంజిన్ సగం తిరిగి ఆగిపోతుంటే కరెంటుని వదిలెయ్యండి. సింగిల్ సిలిండర్ ఇంజిన్లలో వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర వదిలే సన్న సందు) పెరిగిపోతే కంప్రెషన్ రిలీజ్ (స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి తగ్గించే ఏర్పాటు) పనిచెయ్యదు, స్టార్టర్ ఆ ఒత్తిడిని దాటించలేక ఆగిపోతుంది. చూడ్డానికి అచ్చం బ్యాటరీ లోపంలాగే ఉంటుంది. స్పార్క్ ప్లగ్ తీసేసి తిప్పితే గిర్రున తిరిగిందా, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) తీసి వాల్వ్ కవర్ విప్పండి.

మీ మోవర్ బాగానే ఉన్నా ఈ వారం ఈ కొలతలన్నీ ఒకసారి తీసి, తేదీతో ఒక టేపు ముక్క మీద రాసి సీటు కింద అతికించండి. వచ్చే పాఠం ఛార్జింగ్ గురించి: ఫుల్ థ్రాటిల్‌లో బ్యాటరీ దగ్గర 13.5 కూడా రానప్పుడు తప్పు కరెంటు పుట్టించే స్టేటర్‌దా, దాన్ని అదుపులో పెట్టే రెగ్యులేటర్‌దా అన్నది.