నీటి అణువు ఎందుకు ధ్రువీయం: స్కేలు, కోణమానినితో గీసి చూపించే పద్ధతి

"ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది కాబట్టి నీరు ధ్రువీయం (ఒక కొన కాస్త రుణం, మరో కొన కాస్త ధనం)" అని రాస్తే జవాబు సగమే. కార్బన్ డయాక్సైడ్‌లోనూ ఆక్సిజన్ అలాగే లాక్కుంటుంది, అయినా ఆ అణువు ద్విధ్రువ భ్రామకం, అంటే ధ్రువీయత ఎంతో చెప్పే కొలత, సున్నా. తేడా ఆకారంలో ఉంది.

ముందు బంధం సంగతి. పౌలింగ్ స్కేలు మీద రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాగే శక్తి) ఆక్సిజన్‌కు 3.44, హైడ్రోజన్‌కు 2.20. అందువల్ల పంచుకున్న ఎలక్ట్రాన్ల జంట ఆక్సిజన్ వైపు జరుగుతుంది. అక్కడ పాక్షిక రుణావేశం, హైడ్రోజన్ల దగ్గర పాక్షిక ధనావేశం ఏర్పడతాయి.

ఇక కోణం. ఆక్సిజన్ చుట్టూ రెండు బంధ జంటలు, రెండు ఒంటరి జంటలు (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు) ఉంటాయి. నాలుగూ ఒకే రకమైతే మీథేన్‌లో లాగా 109.5 డిగ్రీలు ఉండేది. ఒంటరి జంటలకు చోటు ఎక్కువ కావాలి. అవి బంధాలను దగ్గరకు నెట్టడంతో కోణం 104.5కు తగ్గింది.

ఇప్పుడు గీయండి. 1 డిబైకి (ద్విధ్రువ భ్రామకానికి ప్రమాణం) 4 సెం.మీ. కొలత పెట్టుకోండి. ఆక్సిజన్–హైడ్రోజన్ బంధ భ్రామకం సుమారు 1.5 డిబై, అంటే 6 సెం.మీ. బాణం. ఒకే బిందువు నుంచి 104.5 డిగ్రీల తేడాతో రెండు బాణాలు గీసి, సమాంతర చతుర్భుజం పూర్తిచేయండి. ఆ బిందువు నుంచి వెళ్లే కర్ణం దాదాపు 7.3 సెం.మీ. వస్తుంది, 4తో భాగిస్తే 1.8కి కాస్త పైన. కొలిచిన విలువ 1.85. అయితే ఇది రుజువు కాదు: ఆ 1.5 కూడా కొలిచిన విలువ నుంచి వెనక్కి లెక్కకట్టినదే. కోణం చేసే పని చూపడానికే ఈ బొమ్మ. అవే బాణాలను 120 డిగ్రీల్లో గీస్తే కర్ణం 6 సెం.మీ.కి తగ్గుతుంది, 180లో ఏమీ మిగలదు. కార్బన్ డయాక్సైడ్‌లో జరిగేది సరిగ్గా అదే.

బాణం దిశ దగ్గర చాలామంది తడబడతారు. రసాయనశాస్త్రంలో ధనం నుంచి రుణం వైపు, భౌతికశాస్త్రంలో దానికి తలకిందులు. ఏది వాడుతున్నారో మొదటే చెప్పండి.

దువ్వెనతో కుళాయి ధారను వంచే ప్రయోగాన్ని దీనికి సాక్ష్యంగా చూపకండి. ధార వంగేది నిజమే, కానీ ప్రధాన కారణం అణువులు దువ్వెన ఆవేశానికి అనుగుణంగా దిశ మార్చుకోవడం కాదు. దగ్గరలోని ఆవేశం వల్ల నీటిలోకి వ్యతిరేక ఆవేశం చేరడం. పైగా తేమ ఎక్కువున్న రోజు దువ్వెన మీద ఆవేశం నిలవదు.

ఉప్పు మేలు. బాగా ఆరిన రెండు గ్లాసుల్లో 100 మి.లీ. నీరు, 100 మి.లీ. వేరుశనగ నూనె పోసి, ఒక్కోదాంట్లో 5 గ్రాముల ఉప్పు వేసి నిమిషం కలపండి. నీటిలో ఆక్సిజన్ వైపు సోడియం అయాన్లను, హైడ్రోజన్ వైపు క్లోరైడ్ అయాన్లను చుట్టుముట్టి ఉప్పును విడదీస్తాయి. నూనెలో ఉప్పు అడుగున అలాగే కూర్చుంటుంది. నూనె గ్లాసుకు తడి ఉంటే మాత్రం ఉప్పు ఆ చుక్కల్లో కరిగి ముద్దకడుతుంది. మెత్తటి ప్యాకెట్ ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థం వల్ల నీరు కాస్త మసకగా కనిపించవచ్చు. దాన్ని కరగని ఉప్పు అనుకోవద్దు.