బ్రెడ్డుకి బూజు పట్టించే ముందు

వానాకాలం వచ్చిందంటే బెజవాడ ఇళ్లలో బూజు మనం పట్టించక్కర్లేదు, అదే పడుతుంది. బీరువాలో తోలు బెల్టుకి, మూల పడేసిన చెప్పులకి, తడి గరిటె పెట్టిన ఊరగాయ జాడీకి. బడిలో 'బ్రెడ్డు మీద బూజు పెంచి గమనించండి' అని ప్రాజెక్టు ఇస్తే ఇంతకంటే మంచి కాలం లేదు. మే నెలలో పెడితే బ్రెడ్డు ఎండి అప్పడమైపోతుంది. ఈ ఉక్కకి నాలుగైదు రోజులు చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త: బ్రెడ్డు పెట్టిన కవరు ఒకసారి మూశాక మళ్లీ తెరవకూడదు.

పోయినేడు మావాడు తెరిచాడు. ఏడో రోజున, వాసన ఎలా ఉందో చూద్దామని. పైన ఫ్యాను అయిదులో తిరుగుతోంది. నల్లటి పొడి దుప్పటి నిండా పడింది. పక్క గదిలో మా అత్తగారు, ఆవిడకి ఆస్తమా. ఆ రాత్రంతా ఇన్‌హేలర్ చేతికందేలా పెట్టుకుని కూర్చున్నాం. ఏమీ కాలేదు కానీ ఆ టెన్షన్ మీకొద్దు.

ఆ పొడి సంగతి చెప్పాలి. ముందు బ్రెడ్డు మీద తెల్లటి దారాలు అల్లుకుంటాయి. సాలెగూటినీ దీన్నీ కూడా మనవాళ్లు బూజనే ఎందుకన్నారో అప్పుడు తెలుస్తుంది. తర్వాత ఆ దారాల చివర గుండుసూది తలల్లా నల్లటి చుక్కలు లేస్తే అది చాలావరకు రైజోపస్ అనే బూజు. ఆ తలల నిండా సిద్ధబీజాలే (బూజుకి విత్తనాల్లాంటివి), కాస్త గాలి తగిలితే లేచిపోతాయి. 2021లో బ్లాక్ ఫంగస్ అని వణికిపోయాం కదా, ఆ జబ్బు తెచ్చేవాటిలో రైజోపస్ రకాలే ముఖ్యమైనవి. అలాగని కవరు చూసి హడలిపోనక్కర్లేదు. ఇవి రోజూ మనం పీల్చే గాలిలోనూ ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మామూలుగా ఏమీ కాదు. ఆస్తమా ఉన్నవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్లో కీమోనో వాడుతున్నవాళ్లు ఉన్న ఇంట్లో మాత్రం పెట్టకండి. ఈసారి మా అమ్మాయి ప్రాజెక్టు ఫ్రెండు వాళ్లింట్లోనే.

బ్రెడ్డు వీధి చివర బేకరీలోది తీసుకోండి. ప్యాకెట్ బ్రెడ్డు మీద కాల్షియం ప్రొపియోనేట్ అని రాసి ఉంటే అది బూజుని ఆపడానికి వేసిందే, ఆలస్యమవుతుంది. ముక్కని అరగంట గాలికి ఉంచి, వేళ్లతో కొద్దిగా నీళ్లు చిలకరించి (ముంచకండి, కుళ్లి కంపు కొడుతుంది) జిప్ కవర్లో వేసి మూయండి. దాన్ని ఇంకో కవర్లో పెట్టి అంచుకి టేపు వేయండి. తేదీ, 'తినకూడదు' అని మార్కర్‌తో పెద్దగా రాయండి. పోల్చి చూడటానికి ఇంకో ముక్క ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు ఇది మరీ అవసరం. ఆకలేసినవాడు సైన్సు చూడడు.

ముక్కకి చెప్పు అడుగు రుద్దడం, ఉమ్మి పూయడం వంటి తెలివితేటలు వద్దు. అప్పుడు బూజుతో పాటు ఏ బాక్టీరియా పెరుగుతుందో చెప్పలేం.

చూడటమంతా కవరు పైనుంచే, భూతద్దంతోనో ఫోను కెమెరాతోనో. ఆకుపచ్చగా వస్తే పిల్లలు పెన్సిలిన్ అని గంతులేస్తారు. 1928లో ఫ్లెమింగ్‌కి దొరికింది పెన్సిలియం బూజులోనే, నిజమే. కానీ ఆస్పర్‌జిల్లస్ అనే ఇంకో బూజు కూడా ఆకుపచ్చగానే ఉంటుంది. గుంటూరు రైతులు కళ్లంలో మిరపకాయకి తడి తగలకుండా అంత తంటాలు పడేది ఊరికే కాదు. ఆస్పర్‌జిల్లస్‌లో కొన్ని రకాలు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. రంగు చూసి ఏది ఏదో మనం తేల్చలేం. గాయానికి రాసుకునే మందు అసలే కాదు.

పొరపాటున కవరు చిరిగితే ముందు ఫ్యాను ఆపండి. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తీసి, మాస్కు పెట్టుకుని సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి. చీపురు పట్టుకోవద్దు.

పది రోజులకి ఆపేయండి. బ్లీచింగ్ పోద్దామని కూడా తెరవకండి. అలాగే ఇంకో కవర్లో ముడేసి, పొద్దున చెత్తబండి వచ్చినప్పుడు నేరుగా అందులో వేయండి. పై బూజు గీకేసి ఆవుకో కుక్కకో పెడదాం అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పైన కనిపించేది కొంతే, దారాలు ముక్క లోపలిదాకా దిగి ఉంటాయి. వాళ్ల కంట పడకముందే బండెక్కించేయండి.