బంకర్‌లో ఏ వెడ్జ్ తీయాలి: ముందు ఇసుకను చూడండి

గోల్ఫ్‌లో దాదాపు ప్రతి షాట్‌లోనూ క్లబ్ ముఖం బంతిని తాకుతుంది. గ్రీన్ (రంధ్రం ఉండే నున్నటి పచ్చిక) పక్కనున్న బంకర్ (ఇసుక గుంట) నుంచి ఆడే మామూలు షాట్‌లో మాత్రం తాకదు. క్లబ్ బంతికి సుమారు రెండు అంగుళాల వెనుక ఇసుకలోకి దిగి, బంతి కిందుగా జారి, ముందువైపున బయటికి వస్తుంది. బంతిని పైకి లేపేది ఆ కదిలిన ఇసుకే. కాబట్టి ఇక్కడ క్లబ్‌ను ఎంచుకోవడమంటే అది ఇసుకలోకి ఎంత లోతుగా దిగాలో నిర్ణయించుకోవడమే. వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) కొనేటప్పుడు చాలామంది లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) అంకె ఒక్కటే చూస్తారు. నా దృష్టిలో అంతకంటే ముందు చూడవలసింది బౌన్స్.

క్లబ్‌ను నేల మీద నిటారుగా నిలిపి పక్క నుంచి చూస్తే, దాని అడుగుభాగం, అంటే సోల్, వెనుకవైపు నేలను తాకుతూ ఉంటుంది, ముందు అంచు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. ఆ కోణమే బౌన్స్. బౌన్స్ తక్కువగా ఉన్న క్లబ్ నాగలి కర్రులా ఇసుకలోకి దూసుకుపోతుంది. ఎక్కువగా ఉన్నది పడవ అడుగులా ఇసుకను నెట్టుకుంటూ పైపైన సాగుతుంది. బంకర్ కోసమే చేసిన నేటి శాండ్ వెడ్జ్‌కు రూపమిచ్చినవాడిగా పేరుపొందిన అమెరికన్ ఆటగాడు జీన్ సారజెన్ చేసిన పని కూడా ఇదే: నిబ్లిక్ అనే పాతకాలపు క్లబ్ అడుగున లోహం చేర్చి, వెనుక భాగాన్ని బరువుగా, కిందికి దిగి ఉండేలా మలిచాడు. ఆ క్లబ్‌తోనే 1932లో ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ మైదానంలో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు.

సాధారణంగా శాండ్ వెడ్జ్ లాఫ్ట్ 54 నుంచి 58 డిగ్రీల వరకు, బౌన్స్ 10 నుంచి 14 డిగ్రీల వరకు ఉంటాయి. చాలా వెడ్జ్‌ల మీద ఈ రెండు అంకెలూ చెక్కి ఉంటాయి. ఇసుక మెత్తగా, లోతుగా ఉండి పాదాలు సులువుగా కూరుకుపోతుంటే 12 డిగ్రీలు లేదా అంతకుమించిన బౌన్స్, వెడల్పైన సోల్ ఉన్న క్లబ్ తీసుకోవాలి. వాన పడి ఇసుక గట్టిపడినప్పుడు, లేదా పలుచని ఇసుక కింద గట్టి నేల తగులుతున్నప్పుడు అదే క్లబ్ నేలను తాకి ఎగిరిపడి, బంతి నడుముకు తగిలి దాన్ని గ్రీన్ అవతలికి పంపేస్తుంది. అక్కడ 6 నుంచి 8 డిగ్రీల బౌన్స్ నయం. హైదరాబాద్‌లో వర్షాకాలంలో ఆడేవారు వేసవిలో నమ్ముకున్న వెడ్జ్‌నే కళ్లు మూసుకుని తీయకపోవడానికి ఇదే కారణం.

ఇసుక ఎలాంటిదో తెలుసుకునే సాధనం పాదాలే. చేతితో గాని, క్లబ్‌తో గాని, రేక్‌తో గాని ఇసుకను పరీక్షించడాన్ని గోల్ఫ్ నియమావళిలోని 12.2బి నియమం నిషేధిస్తుంది. బంతికి ముందూ వెనుకా క్లబ్ ఆనించడం, ప్రాక్టీస్ స్వింగ్‌లో ఇసుకను తాకడం కూడా తప్పే, మొత్తం స్ట్రోకులు లెక్కించే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల పెనాల్టీ పడుతుంది. నిలబడడానికి పాదాలను ఇసుకలో కుదురుకోనివ్వడం మాత్రం అనుమతించినదే. ఆ క్షణంలో అరికాళ్ల కింద ఏమి తగులుతోందో గమనించాలి.

క్లబ్ ముఖాన్ని తెరిస్తే, అంటే మరింత పైకి చూసేలా తిప్పితే, లాఫ్ట్‌తో పాటు బౌన్స్ కూడా పెరుగుతుంది. అందువల్ల మెత్తని ఇసుకలో ముఖాన్ని ధారాళంగా తెరవవచ్చు, గట్టి ఇసుకలో తెరవడం తగ్గించాలి. ముందు ముఖం తెరిచి, ఆ తర్వాతే గ్రిప్ పట్టుకోవాలి. పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే దెబ్బ సమయానికి అది మళ్లీ మూసుకుపోతుంది.

జెండా దగ్గరగా ఉండి, బంకర్ అంచు ఎత్తుగా ఉంటే 60 డిగ్రీల లాబ్ వెడ్జ్ పనికివస్తుంది. జెండా 30 గజాలకు మించి దూరంగా ఉంటే శాండ్ వెడ్జ్‌తో బలంగా విసరడం కంటే, అంతకంటే తక్కువ లాఫ్ట్ ఉన్న గ్యాప్ వెడ్జ్‌తో గాని పిచింగ్ వెడ్జ్‌తో గాని అదే తరహా స్వింగ్ చేయడం మేలు. చాలామంది తోచక వదిలేసే ఉపాయం ఇది. బంతి ఇసుకలో సగం పూడిపోతే లెక్క తలకిందులవుతుంది: అక్కడ క్లబ్ లోతుకు దిగాలి గనుక పిచింగ్ వెడ్జ్ తీసి, ముఖాన్ని తెరవకుండా ఆడాలి, బంతి తక్కువ ఎత్తులో వచ్చి ఎక్కువ దూరం దొర్లుతుందని ముందే లెక్క వేసుకోవాలి. గ్రీన్‌కు దూరంగా ఉండే ఫెయిర్‌వే బంకర్‌లో అయితే క్లబ్ ముందు బంతినే తాకాలి కాబట్టి బౌన్స్ ఎక్కువైతే అడ్డే. బంకర్ ముందు అంచును దాటించగల క్లబ్‌లు ఏవో చూసుకుని, వాటిలో మామూలుగా ఆ దూరానికి వాడేదాని కంటే ఒక నంబరు తక్కువగా ఉన్న, అంటే ఎక్కువ దూరం పంపే, క్లబ్‌ను కాస్త కిందికి పట్టుకుని ఆడాలి.

కొత్త వెడ్జ్ కొనే ముందు, వీలైతే, మీరు తరచుగా ఆడే కోర్సు ప్రాక్టీస్ బంకర్‌లోనే దానితో పది బంతులు కొట్టి, ఇసుకలో మిగిలిన గాట్లను చూడండి. గాట్లు లోతుగా ఉండి బంతులు బంకర్‌లోనే ఉండిపోతుంటే ఇంకా ఎక్కువ బౌన్స్ కావాలి. గాటు సరిగా పడకుండా బంతులు గ్రీన్ మీదుగా ఎగిరిపోతుంటే తక్కువ బౌన్స్ ఉన్నది అడగండి.