ఒక చెరువు, పది ఉదయాలు: దక్షిణ తెలంగాణ చలికాలంలో ప్రకృతి ఫోటోగ్రఫీ నేర్చుకునే పద్ధతి

కార్తీకం వెళ్లిపోయి, వానాకాలం వరి కోతలు ముగిసి, యాసంగి నారుమళ్లు పచ్చబడే నాటికి పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ప్రకృతి ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి అనువైన కాలం మొదలవుతుంది. చెరువులు ఇంకా నిండుగానే ఉంటాయి. మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి వలస వచ్చే పక్షులు అప్పటికే దిగి ఉంటాయి. పొద్దు ఆరున్నర ప్రాంతంలో గాని పొడవదు కనుక, ఐదున్నరకు లేచినవారు కూడా వెలుతురు కంటే ముందే కట్ట మీదికి చేరుకోగలరు. అయితే కొత్తగా కెమెరా పట్టినవారిలో చాలామంది ఈ కాలాన్ని వారానికొక కొత్త ప్రదేశం వెంట పరుగెత్తడంలో ఖర్చుచేస్తారు. నేను సూచించే పద్ధతి దీనికి భిన్నమైనది. ఇంటికి దగ్గరగా ఉన్న ఒక చెరువును ఎంచుకుని, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కనీసం పది ఉదయాలు అక్కడే గడపాలి. నల్లమల అడవి ఆ తరువాత.

చలికాలపు వెలుతురు ఎందుకు మేలైనదో ముందుగా తెలుసుకోవాలి. మహబూబ్‌నగర్ ఇంచుమించు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో అక్కడ మిట్టమధ్యాహ్నమైనా సూర్యుడు క్షితిజం నుంచి 50 డిగ్రీల ఎత్తుకు మించి పోడు. మే నెలలో నడినెత్తిన నిలిచి కొంగ మెడ కింద, మేక పొట్ట కింద నల్లని నీడలు వేసే సూర్యుడే ఇప్పుడు దక్షిణానికి ఒరిగి పక్క నుంచి వెలుగునిస్తాడు. అందువల్ల వేసవిలో ఏడున్నరకే మూసివేయవలసిన కెమెరాను ఇప్పుడు తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచవచ్చు. సాయంత్రం నాలుగు గంటల నుంచి మళ్లీ పని మొదలుపెట్టవచ్చు.

చెరువును ఎంచుకోవడం

చెరువు పెద్దదా, పేరున్నదా అన్నది ముఖ్యం కాదు. కట్ట ఏ దిక్కుగా సాగిందో చూడాలి. కట్ట ఉత్తర దక్షిణాలుగా ఉండి, నీళ్లు దానికి పడమటి వైపున ఉంటే, ఉదయం కట్ట మీద కూర్చున్నవారికి సూర్యుడు వెనుక ఉంటాడు, పక్షులకు ఎదురుగా ఉంటాడు. కంటిలో చిన్న వెలుగు చుక్కతో, ఈకల వివరాలతో చిత్రం వస్తుంది. నీళ్లు తూర్పున ఉన్న చెరువైతే అది సాయంత్రానికి పనికి వస్తుంది. ఉదయం అక్కడ నీడబొమ్మలు, పొగమంచు చిత్రాలు మాత్రమే బాగా కుదురుతాయి. చలికాలంలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నల్లగొండ వారికి పానగల్లు ఉదయ సముద్రం చేరువలోనే ఉంది. కందూరు చోళుల కాలం నాటిదని చెప్పే చెరువు అది. దేవరకొండ, అచ్చంపేట వైపు వారికి డిండి, మహబూబ్‌నగర్ వారికి కోయిల్‌సాగర్, వనపర్తి వారికి సరళాసాగర్, గద్వాల వారికి జూరాల ఉన్నాయి. కాని నేర్చుకునే దశలో ఇంత పెద్ద జలాశయాల్లో పక్షులు దూరంగా నల్లచుక్కల్లా ఉంటాయి. ఊరి చెరువులో తూము దగ్గర, మత్తడి దగ్గర, బట్టలు ఉతికే బండల పక్కన, మనుషుల అలికిడికి అలవాటుపడిన కొంగలు, లకుముకి పిట్టలు పదిహేను అడుగుల దూరంలోనే దొరుకుతాయి. మొదటి పాఠాలకు అవే మంచి గురువులు.

నెలలు గడిచేకొద్దీ చెరువు మారుతుంది. డిసెంబరులో నిండు నీటి మీద బాతులు ఉంటాయి. సూదితోక బాతును దాని సన్నని తోకను బట్టి కొత్తవారు కూడా గుర్తుపట్టగలరు. యాసంగికి నీళ్లు వదిలాక జనవరి చివరికి శిఖం భూముల్లో, అంటే చెరువు లోపలి నేలలో, బురద బయటపడుతుంది. ఆ బురదలో పొడవైన ఎర్రకాళ్ల స్టిల్ట్ పక్షులు, ఉల్లంకి పిట్టలు తిరుగుతూ మేస్తాయి. ఒకే చోటికి పదిసార్లు వెళ్లమనడానికి ఇదొక కారణం.

పరికరాలు

దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 70-300 మిల్లీమీటర్ల లెన్సున్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సు మార్చుకోగల కెమెరా) అయినా, లెన్సు మార్చే వీలు లేకున్నా ఎక్కువ జూమ్ ఉన్న బ్రిడ్జ్ కెమెరా అయినా మొదటి చలికాలానికి చాలు; చెట్లకు, సాలెగూళ్లకు, పొగమంచుకు మంచి ఫోను కూడా చాలు. ట్రైపాడ్ కంటే ముందు రెండు కిలోల ఇసుక పోసి కుట్టించుకున్న గుడ్డ సంచి అవసరం. కట్ట రాళ్ల మీద, కారు కిటికీ అంచు మీద దాన్ని వేసి లెన్సును ఆనిస్తే చేతి వణుకు పోతుంది. కొందరు బియ్యం పోస్తారు, కాని మంచుకు చెమ్మగిల్లిన బియ్యానికి పురుగు పడుతుంది, ఇంట్లో మాట కూడా పడవలసి వస్తుంది. మట్టి రంగు, ఆకుపచ్చ దుస్తులు ధరించాలి. చల్లబడిన కెమెరాను వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు అద్దం మీద చెమ్మ పట్టే వీలుంది కనుక, కాసేపు సంచిలోనే ఉంచి తరువాత బయటికి తీయాలి.

పది ఉదయాల పాఠం

మొదటి ఉదయం కెమెరాను సంచిలోనే ఉంచి, నోటు పుస్తకం పట్టుకుని కూర్చోవాలి. ఏ పక్షి ఏ కొమ్మ మీద వాలుతోంది, ఎటు ఎగిరి ఎక్కడికి తిరిగి వస్తోంది, పశువులు నీళ్లకు వచ్చినప్పుడు ఏవి లేచిపోతున్నాయి, ఏవి వాటి వెంటే నడుస్తున్నాయి అన్నవి రాసుకోవాలి. ఈ ఒక్క గంట తరువాతి తొమ్మిది ఉదయాలను నడిపిస్తుంది. ఆ గంట కూర్చోలేక మధ్యలోనే కెమెరా తీసినవారిని చాలామందిని చూశాను. వారిలో నేనూ ఒకణ్ణి.

రెండు, మూడు ఉదయాలు ఆకుపచ్చని పసిరిక పిట్టకు, పాలపిట్టకు కేటాయించాలి. దసరా నాడు జనం వెతికి మరీ చూసే మన రాష్ట్ర పక్షి పాలపిట్ట మిగిలిన రోజుల్లో కరెంటు తీగల మీద, మోటు చెట్ల మీద తీరికగా కూర్చుని ఉంటుంది. ఈ రెండు పక్షులకూ ఒక అలవాటు ఉంది: పురుగును చూసి దూకి, పట్టుకుని, చాలాసార్లు అదే చోటికి తిరిగి వస్తాయి. కనుక పక్షి వెంట కెమెరా తిప్పడం మాని, అది లేచిన కొమ్మ మీదే ఫోకస్ నిలిపి, ఫ్రేములో అది తిరిగి వచ్చే వైపు కొంత ఖాళీ వదిలి, వేచి ఉండాలి. కూర్చున్న పక్షికి 1/500 సెకను, ఎగిరే పక్షికి 1/2000 సెకను షట్టర్ వేగం పెట్టుకుని, అపర్చర్‌ను (లెన్సు రంధ్రం వెడల్పును) ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 8 మధ్య ఉంచి, ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200 పరిమితితో ఆటోకు వదిలేయవచ్చు. కూర్చున్నప్పుడు మట్టి రంగులో కనిపించే పాలపిట్ట రెక్క విప్పిన క్షణంలోనే నీలాలు బయటపెడుతుంది. ఆ క్షణం కోసం యాభై చిత్రాలు పాడైనా నష్టం లేదు. ఎగిరే పక్షిని వెంబడించడం నేర్చుకోవడానికి నలుపు తెలుపుల లకుముకి మరింత అనువైనది, ఎందుకంటే అది నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తూ కొన్ని క్షణాలు నిలిచి, ఆ తరువాతే కిందికి దూకుతుంది.

నాలుగో ఉదయం నుంచి తెల్ల కొంగల మీద పని చేయాలి. కొత్తవారు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే కనుక కొంత వివరంగా చెబుతాను. కెమెరా లోపలి కొలమానానికి అది చూస్తున్నది కొంగా, బర్రెనా అన్నది తెలియదు. ఎదురుగా ఉన్న దృశ్యాన్ని సగటున మధ్యస్థమైన బూడిద రంగు స్థాయికి తేవాలని మాత్రమే చూస్తుంది. నల్లని నీటి మధ్య చిన్న తెల్లకొంగ ఉంటే, ఫ్రేములో చీకటి ఎక్కువ కాబట్టి కెమెరా మొత్తం చిత్రాన్ని వెలిగిస్తుంది. కొంగ ఒంటి మీద ఒక్క ఈక కూడా కనిపించకుండా సున్నం పూసినట్టు తెల్లబడిపోతుంది. నా మొదటి చలికాలంలో ఒక ఉదయమంతా తీసిన రెండు వందల పైచిలుకు కొంగల చిత్రాలు ఇలాగే పోయాయి. కెమెరా వెనుక ఉన్న చిన్న తెరలో అవి ఎంతో అందంగా కనిపించాయి కూడా. దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా లెక్కించిన వెలుతురును మనం పెంచే, తగ్గించే అమరిక. నల్లని నీటి మీది తెల్ల పక్షికి మైనస్ 0.7 నుంచి మైనస్ 1 వరకు తగ్గించాలి. తెల్లని ఆకాశం ముందు కూర్చున్న నీటికాకికి ప్లస్ 1 వరకు పెంచాలి. పొగమంచుకు కూడా పెంచవలసిందే: కెమెరా తెల్లని మంచును బూడిదగా మార్చేస్తుంది కనుక ప్లస్ 0.7 దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. తెర మీది బొమ్మను నమ్మక హిస్టోగ్రామ్‌ను (చిత్రంలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే పటాన్ని) చూడడం, రా ఫైలులో (కెమెరా కుదించని మూల రూపంలో) తీయడం ఈ దశలోనే అలవాటు చేసుకోవాలి.

ఐదు, ఆరు ఉదయాల్లో శరీరాన్ని కిందికి దించడం నేర్చుకోవాలి. నిలబడి తీసిన కొంగ చిత్రంలో వెనుక బురద కనిపిస్తుంది. కట్ట వాలు మీద బోర్లా పడుకుని పక్షి కంటి ఎత్తు నుంచి తీస్తే వెనుకనున్న నీళ్లు, తాటివనం మెత్తని రంగుల తెరగా మారతాయి. దగ్గరికి వెళ్లవలసి వస్తే పక్షి మీదికి నేరుగా నడవకూడదు. వేరే పని మీద పోతున్నట్టు ఏటవాలుగా నాలుగడుగులు వేసి ఆగాలి. మేత మాని తలెత్తి చూసిందంటే ఆగిపోవాలి. గూడు కనిపిస్తే వెనక్కి మళ్లడమే పద్ధతి. ఫోనులో పక్షి కూతలు వినిపించి రప్పించడం నాకు సమ్మతం కాదు.

మంచు పడిన ఉదయాల్లో పక్షుల కోసం ఎదురుచూడకుండా కంది చేను గట్టుకో, పత్తి చేను గట్టుకో వెళ్లాలి, రైతును అడిగిన తరువాతే. మంచుబిందువులు పట్టిన సాలెగూడును తీసేటప్పుడు గూడు తలానికి కెమెరా సమాంతరంగా ఉండాలి, లేకపోతే సగం గూడు మాత్రమే స్పష్టంగా వస్తుంది. ఆటోఫోకస్ దారాలను వదిలి వెనుకనున్న ఆకులను పట్టుకుంటుంది కనుక చేత్తోనే ఫోకస్ చేసుకుని, ఎఫ్ 8 వద్ద, సూర్యుడు గూటికి వెనుక పక్కగా ఉండేలా నిలబడాలి. చలికి బిగుసుకుపోయిన సీతాకోకలు రెక్కలు విప్పి ఎండ కాగుతుంటాయి. బండరాళ్ల మీద తొండలూ అంతే. వేసవిలో క్షణం నిలవని ఈ ప్రాణులు ఇప్పుడు కొంత సమయమిస్తాయి. నల్లగొండ జిల్లా వారికి బత్తాయి తోటలే బడి: నిమ్మజాతి ఆకులను తినే సీతాకోక గొంగళి పురుగు చిన్నప్పుడు పిట్టరెట్టలా కనిపించి, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది; ఒకే కొమ్మ మీద ఆ రెండు దశలనూ తీయగలిగితే అది ఒక చిన్న కథ అవుతుంది.

సంక్రాంతి తరువాత జొన్న చేలు గింజ పట్టే వేళకు గులాబీ రంగు గోరింకల గుంపులు వచ్చి పడతాయి. మంచె మీద వడిసెల పట్టుకుని కూర్చున్న రైతుకు ఆ గుంపు ఏ వేళకు ఎటునుంచి వస్తుందో ఏ పుస్తకం కంటే బాగా తెలుసు. నారాయణపేట జిల్లాలో కృష్ణా, మాగనూరు మండలాల వైపు చేలలో తిరిగే కృష్ణజింకల విషయమూ ఇలాంటిదే. అవి మనకు చిత్రం, రైతుకు పోయిన పంట. ఈ సంగతి మరిచి చేలో అడుగుపెట్టకూడదు. అక్కడ రోడ్డు మీద ఆపిన కారులో నుంచి, కిటికీ మీద ఇసుక సంచి వేసుకుని తీయడమే అందరికీ మేలు, ఎందుకంటే నడిచివచ్చే మనిషిని చూసి పరుగెత్తే జంతువు ఆగిన వాహనాన్ని అంతగా పట్టించుకోదు.

నల్లమలకు వెళ్లినప్పుడు

పది ఉదయాలు పూర్తయ్యాక అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వెళ్లవచ్చు. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు పరిశీలించిన ప్రాంతాల్లో ఈ పీఠభూమి ఒకటి. మన్ననూరు మీదుగా ఫర్హాబాద్ వైపు అటవీశాఖ వారి వాహనాల్లోనే లోపలికి వెళ్లాలి. అనుమతి లేని బాటల్లోకి దిగడం, డ్రోన్ ఎగరవేయడం నేరం. శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవిలో వాహనాలను వదలరు కనుక, తెల్లవారు వెలుతురు కావాలనుకునేవారు ముందు రోజు రాత్రే మన్ననూరులోనో అచ్చంపేటలోనో బస చేయాలి. డిసెంబరులో గడ్డి ఎత్తుగా, ఆకు దట్టంగా ఉంటుంది. పులిని చూడాలన్న ఒక్క ఆశతో వెళ్లేవారికి ఇది సరైన కాలం కాదని చెప్పడమే న్యాయం. చుక్కల దుప్పుల మీద చెట్ల సందుల్లోంచి పడే వెలుతురు, ఉమామహేశ్వరం కొండ నుంచి కనిపించే పొగమంచు, మల్లెల తీర్థం రాళ్లు చాలినంత పని కల్పిస్తాయి. చెంచుల ఇళ్ల దగ్గర మనుషులను అడగకుండా చిత్రాలు తీయకూడదు.

అంత దూరం వెళ్లలేనివారు మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి దగ్గర ఒక ఉదయం గడపవచ్చు. సుమారు ఏడు వందల ఏళ్ల వయసుందని చెప్పే ఈ మర్రికి చెదలు సోకితే 2018లో సెలైన్ పెట్టినట్టు కొమ్మలకు మందు ఎక్కించారు. మూడు ఎకరాలకు పైగా పరుచుకున్న చెట్టు ఒక్క ఫ్రేములో పట్టదు; ఊడల వరుస, బెరడు ముడతలు, ఆకుల మధ్య నుంచి దిగే వెలుతురు అన్నట్టుగా భాగాలు భాగాలుగా చూడడం అలవాటవుతుంది. ఊడలను ముట్టకుండా, హద్దులు దాటకుండా తీయాలి. కృష్ణ ఒడ్డున తీసేవారు నీటి అంచుకు దూరంగా ఉండాలి. అక్కడ మొసళ్లున్నాయి, చలికాలంలో అవి కూడా ఎండ కాగడానికి ఒడ్డుకు వస్తాయి.

ఇంటికి వచ్చాక

ఆ సాయంత్రమే చిత్రాలన్నీ చూసి, మూడింటిని మాత్రమే ఉంచుకుని, వాటి కింద తేదీ, వేళ, చెరువు పేరు, పక్షి పేరు, షట్టర్ వేగం రాసుకోవాలి. చెడిపోయిన వాటిలో ఒకదాన్ని కూడా దాచి, ఎందుకు చెడిపోయిందో ఒక్క వాక్యంలో రాయాలి. వచ్చే వారం కట్ట మీదికి బయలుదేరే ముందు చదవవలసింది ఆ వాక్యమే. పక్షుల పేర్లు కొంత పట్టుబడ్డాక ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనవచ్చు. 1987 నుంచి సాగుతున్న ఆ గణనలో మీ చెరువులో ఏ పక్షి ఎన్ని ఉన్నాయో లెక్కించి ఇవ్వాలి. దూరంగా కూర్చున్న గుంపును వెడల్పుగా ఒక చిత్రం తీసుకుంటే, ఇంటికి వచ్చి పెద్దది చేసుకుని తీరికగా లెక్కపెట్టుకోవచ్చు.