షెఫ్ వీడియో చూసి పొయ్యి వెలిగించే ముందు

మా ఇంటి పోపుల పెట్టె పక్కకు కసూరీ మేథీ డబ్బా చేరింది అమ్మమ్మ చెప్పడం వల్ల కాదు, టీవీలో ఒకాయన దాన్ని అరచేతిలో నలిపి కూర మీద చల్లడం చూసిన తర్వాతే. 1993లో జీ టీవీలో ‘ఖానా ఖజానా’ మొదలైనప్పుడు సంజీవ్ కపూర్, 2007 నుంచి ‘వారెవా’ వీడియోలతో సంజయ్ తుమ్మ, ఇప్పుడు ఫోన్ తెరిస్తే కనబడే ఎందరో, ఈ పూట ఏం వండాలన్న ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నారు. బ్రిటన్‌లో 1998లో డీలియా స్మిత్ టీవీలో గుడ్డు ఉడకబెట్టడం నేర్పితే గుడ్ల అమ్మకాలే పెరిగాయి; అలాంటి గిరాకీకి అక్కడ ‘డీలియా ఎఫెక్ట్’ అన్న పేరు కూడా స్థిరపడింది. ఈ ప్రభావం చెడ్డదని నేను అనను. అయితే వంటకంతో పాటు షెఫ్ వాడే పొయ్యి, ఆయన ప్రాంతపు కారం, ఆయన వడ్డించే పద్ధతి కూడా మన వంటింట్లోకి వస్తాయి కాబట్టి, వాటిలో మనకు పనికివచ్చేది ఏదో ముందే తేల్చుకోవాలి.

మొదట వీడియోను చివరిదాకా ఒకసారి ఊరికే చూడండి. రెండోసారి చూస్తూ కాగితం మీద నిమిషాలు కాకుండా గుర్తులు రాసుకోండి. ఉల్లిపాయలు ఐదు నిమిషాల్లో ఎర్రబడ్డాయని షెఫ్ అన్నప్పుడు మధ్యలో కెమెరా ఆగిందన్న సంగతి మనకు కనబడదు. మామూలు గ్యాస్ పొయ్యి మీద మూడు మధ్యరకం ఉల్లిపాయల సన్నని ముక్కలు ముదురు రంగుకు రావాలంటే ఇరవై నిమిషాల దాకా పడుతుంది. ముందు పచ్చివాసన పోతుంది, తర్వాత ముక్కలు అద్దంలా మెత్తబడతాయి, ఆ తర్వాత అంచులు బంగారు రంగుకు తిరుగుతాయి, చివరికి ముక్క మొత్తం ముడుచుకుని నూనె పక్కకు చేరుతుంది. రెండో దశలోనే తొందరపడి టమాటా వేసేస్తే కూర తియ్యగా, చప్పగా మిగులుతుంది. చాలామంది షెఫ్‌ను తప్పుపట్టేది ఇక్కడే.

కారం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ముంబయి, ఢిల్లీ షెఫ్‌లు రెండు చెంచాల మిరపపొడి అన్నప్పుడు వారి చేతిలో సాధారణంగా ఉండేది కాశ్మీరీ కారం, అది ఘాటు కోసం కాక రంగు కోసం వేసేది. నేను మొదటిసారి పనీర్ బటర్ మసాలా చేసినప్పుడు ఆ రెండు చెంచాలూ గుంటూరు తేజ మిరపకాయల కారంతో నింపాను. ఇంటిల్లిపాదీ పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు, కూర మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉండి చివరికి చెత్తబుట్టకు చేరింది. ఘాటైన కారం వాడేటప్పుడు చెప్పిన కొలతలో పావు వంతుతో మొదలుపెట్టి, కాశ్మీరీ కారమో బ్యాడిగి కారమో దొరికితే రంగును దానికి వదిలేయండి.

కొలతల్లో ఇంకో చిక్కు ఉంది. టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, టీ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు. రెండింటినీ మనం చెంచా అనే అంటాం, తేడా మూడింతలు. కళ్లుప్పు మెత్తని ఉప్పు కంటే చెంచాకు తక్కువ తూగుతుంది కనుక షెఫ్ ఏ ఉప్పు వాడుతున్నారో చూసి మరీ వేయాలి. యూట్యూబ్ వంటల వీడియోలతో పేరు తెచ్చుకున్న గుంటూరు జిల్లా మస్తానమ్మ, 2018లో కన్నుమూసే నాటికి వందేళ్లు దాటిన మనిషి, పుచ్చకాయలో కోడికూర వండినా అంతా చేతి అందాజే. ఆ అందాజు దశాబ్దాల అలవాటు. మనకది పట్టుబడే వరకు కొలత చెంచాలే దిక్కు.

మంట సంగతి సూటిగా చెప్పాలి. హోటల్ బర్నర్ ముందు మన పొయ్యి చాలా చిన్నది. కిలో చికెన్‌ను ఒకేసారి బాణలిలో గుమ్మరిస్తే అది నీరు విడిచి ఉడుకుతుందే గాని వేగదు. రెండు వాయిలుగా వేయండి. విదేశాల్లో ఎలక్ట్రిక్ కాయిల్ పొయ్యి వాడే మనవాళ్లు పోపు మాడకముందే గిన్నెను పక్కకు జరపాలి, ఎందుకంటే మీట తిప్పినంత మాత్రాన ఆ వేడి వెంటనే దిగదు.

వడ్డింపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. నాన్‌తో తినడానికి చేసిన చిక్కటి కూర అన్నంలో కలిపితే ముద్ద దిగదు, ఉప్పూ చాలదు. అర గ్లాసు వేడినీళ్లు పోసి, ఉప్పు సరిచూసి, మరో ఐదు నిమిషాలు ఉడికించాలి. చివర్లో వేసే వెన్నముద్ద ఎక్కువగా కెమెరా మెరుపు కోసమే, సగం తగ్గించినా రుచికి లోటు రాదు. ఇక ఫలానా కంపెనీ మసాలాయే వాడాలని షెఫ్ పట్టుబడితే ఆ వీడియో మీద ప్రకటన అన్న గుర్తు ఉందేమో వెతకండి. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలా తెలపడం అవసరం. ప్యాకెట్ వెనుక దినుసులను బరువు తగ్గే క్రమంలో ముద్రిస్తారు కనుక, వరుస మొదట్లోనే ఉప్పు కనబడితే కూరలో వేసే ఉప్పును ఆ మేరకు తగ్గించుకోవాలి.

ఈ సవరణల తర్వాత, మొదటిసారి షెఫ్ చెప్పిన వరుసను మార్చకుండా వండండి. వరుస కూడా మారిస్తే పొరపాటు ఎక్కడ జరిగిందో దొరకదు. తిన్న వెంటనే, గిన్నెలు కడగకముందే, నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాసిపెట్టండి. నా పుస్తకంలో ఆ పనీర్ పేజీ మీద ఇప్పుడు ఇలా ఉంది: ‘కారం అర చెంచా, గుంటూరుది. క్రీమ్ వద్దు, జీడిపప్పు ముద్ద చాలు. పిల్లలు రెండోసారి వడ్డించుకున్నారు.’